పెయింటు డబ్బల పంపుతున్న కనకాంబరం

చిన్న మంగళారం,
ఈస్టరు ముందటి శ్రమల దినాలు, సోమవారం.

ప్రియమైన అక్కకు,

తమ్ముడు దానియేలు వందనాలు చెప్పి రాసేది. ప్రభువు దయ వల్ల నేను ఇక్కడ బాగనే ఉన్న. చేవెళ్లల నువ్వు, బావ, చిన్ని, అవ్వ అందరు చల్లగ ఉన్నరనే నమ్మకంతోని రాస్తున్న. అవ్వ మోకాలు నొప్పి ఎట్లున్నది? మల్ల దవాఖానకు తీస్కపోయినవా, లేకుంటె "ఉన్న గోలీలు ఒడిసినంక సూద్దాంలే" అని అవ్వే నిన్ను ఆపిందా? ఆమె మాట వినకు, జర గట్టిగ చెప్పి తీస్కపో.

జేబుల ఫోను పెట్టుకొని ఉత్తరమేందిరా అని నవ్వకు. ఫోన్ల మనకు నాలుగు మాటలు కాంగనే కొట్లాట. నువ్వు ఒకటంటవు, నేను రెండంట, నువ్వు పెట్టేస్తవు, నేను ఫోను మంచం మీదికి ఇసిరికొడ్త. కాయితం మీదైతె నువ్వు నడుమల పెట్టేసేది ఉండదు. నాకు కోపమొస్తె చింపేసి మల్ల రాయొచ్చు. ఇప్పటికే ఒక కాయితం చింపిన.

ఈ ఉత్తరం తెచ్చిన పాలవ్యాను యాదన్న చేతుల ఒక పెయింటు డబ్బ ఉంటది. ముందుగాల దాన్ని అందుకొని నీడకు పెట్టు, తర్వాత కూసొని చదువు. అండ్ల ఉన్నది బాపు కనకాంబరం. ఒక్కటే మిగిలింది అక్క. అవ్వ కొంగుల కట్టి ఇచ్చిన గింజలన్నిట్ల గిదొక్కటే బతికింది. తక్కినయన్నీ చచ్చిపోయినయి. ఎట్ల చచ్చిపోయినయో చెప్పాల్నని ఈ ఉత్తరం. అవ్వకు చదివి వినిపించేది, దాచేది నీ ఇష్టం. నేనైతె దాచొద్దనే అంట.

నీకు తెల్వంది కాదు గని, మొదటి నుంచి చెప్తేనే నాకు రాయొస్తది. మన చెల్క అమ్మినప్పుడు కొన్నోళ్లు బాపు సమాధి జోలికి రామని మాటిచ్చిన్రు. రాలేదు కూడ, గంత వరకు వాళ్లను ఏమనలేం. కని చుట్టు చదును చేసేటప్పుడు సమాధి అంచుకు అవ్వ పెట్టిన కనకాంబరాలు, వాటి నడుమ మరువం, అన్నీ జేసీబీ పండ్లకు పోయినయి. అవ్వ ముందు రోజే పోయి ఎండిన కంకులు దూసి కొంగుల కట్టుకొచ్చింది కాబట్టి బాపు చెట్టు ఆనవాలన్న మిగిలింది. ఆ కంకులు నువ్వు అడిగినవు. మా కిరాయింటి మెట్ల మీద తొట్టిల పెంచుత, అవ్వ కండ్ల ముందట ఉంటది అన్నవు. నేను నీ మీదికి లేసిన.

"తొట్టిల చెట్టంటె జైల్ల మనిషే. బాపు చెట్టును సిమెంటు మెట్ల మీద నిలబెడ్తవా? చెట్టు నేలల ఉండాలె."

"నేల యాడున్నదిరా మనకు? సూపియ్, గాడ్నే పెడ్త" అన్నవు నువ్వు.

అవ్వ మనిద్దరి మొకాలు చూసింది. "వాడు చెట్ల కాడనే పని జేస్తుండు కద, వాన్నే పెట్టనీ బిడ్డా" అని మూట నా చేతుల పెట్టింది. ఆ మూట బరువు ఏమీ లేదు, ఊదితె ఎగిరిపోయేటట్టున్నది. నేను గెలిచిన అనుకున్న.

ఇక్కడి సంగతి చెప్త. నేను పని చేసే ఫాంహౌజ్‌కు సిటీ నుంచి సార్ ఆదివారాలు వస్తడు. మంచోడే, పేరు పెట్టి పిలుస్తడు, తిన్నవా అని అడుగుతడు. తక్కిన రోజులు మేనేజరు రాజ్యం. గేటు నుంచి బంగ్లా దాక తాటిచెట్టుకు చుట్టమోలె ఉండే పరాయి దేశపు చెట్లు వరస పెట్టిన్రు. కాయ లేదు, పూత లేదు, నీడ అసలే లేదు, పిట్ట సుత వాలది. కింద కార్పెట్టు గడ్డి. ఊర్ల బోర్లు ఎండుతుంటె ఈ గడ్డికి పొద్దు మాపు నీళ్లు పెట్టేది నేనే. నేల గురించి, నీళ్ల గురించి సభలల్ల పంచే కరపత్రాలల్ల చదివి ఆవేశపడ్డ మాటలన్నీ ఇక్కడ నా చేతుల పైపు రూపంల నన్ను ఎక్కిరిస్తున్నయి. శనివారమొస్తె పార్టీలు, పాటలు. మిగిలిన బిర్యానీ తినుమంటరు, నాకు గొంతు దిగది. టమాట చారు, అన్నం వండుకుంట. నాకు రొట్టె రాదని బాలమణక్క అప్పుడప్పుడు జొన్న రొట్టె తెచ్చిస్తది. అందుకని తిండికి ఫికర్ చేయకు.

బాలమణక్క ఇదే ఊరామె. ఇక్కడ ఊడ్చుడు, కడుగుడు చేస్తది. ఫాంహౌజ్ ఉన్న నేల ఒకప్పుడు వాళ్లదే. నేను వచ్చిన కొత్తల బాపు సమాధి గురించి చెప్పి, కంపౌండు గోడల నడుమ పడ్డదని బాధ పడుతుంటె ఆమె చీపురు ఆపి అన్నది, "నీ బాపు బొంద కండ్లకన్న కనబడుతున్నది తమ్మీ. మా మామను బొందపెట్టిన కాడ గీళ్లు ఈత కొడుతున్నరు." నేను స్విమ్మింగ్ పూల్ దిక్కు చూసిన. ఆమె నవ్వింది. నవ్వుకుంటనే మల్ల ఊడ్వబట్టింది.

ఆమెతోని తప్ప మాట్లాడే దిక్కు లేదు. ఆదివారం పొద్దున మొయినాబాద్‌ల చర్చికి పోయి వెనక కూసుంట. కొత్త మనిషివి, ఎక్కడి నుంచి వచ్చినవని అడుగుతరు. ఊరి పేరు చెప్త. ఊర్ల ఎవరున్నరు అంటె మాత్రం మనసుల లెక్క పెట్టుకుంట. అవ్వ నీ కాడ, నేను ఇక్కడ, బాపు గోడ లోపల.

ఇగ చెట్ల సంగతి. నా రూం వెనక కొంచెం జాగ ఉన్నది. సార్‌ను అడిగితె "పెట్టుకో దానియేలు" అన్నడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మన చెట్టు మన మట్టిలనే పెరగాలె. ఇక్కడి లారీ మట్టి ఎవరిదో, ఏ గుట్టను తవ్వి తెచ్చిందో, అండ్ల బాపు చెట్టు పెడ్తనా? మన చెల్కల బోరు పక్కన బాపు కూరగాయల మడి ఉంటుండె కద, అదొక్కటే అప్పటికి ఇంక చదును కాలేదు. బావను బతిమిలాడి ఆటో మాట్లాడించి, యూరియా సంచులల్ల ఆ మట్టి నింపుకొని తెచ్చిన. బావ నీకు చెప్పిండో లేదో, సంచులు ఎత్తుకుంట అన్నడు, "మనుషులు వలస పోంగ సూసిన గని, మట్టి వలస పోవుడు గిప్పుడే సూస్తున్న బామ్మర్ది." నాకు కోపమొచ్చింది. దారి పొడుగూత బావతోని మాట్లాడలె.

రూం వెనక ఎర్రమట్టి అంత తోడి పారేసి, బాపు ఏండ్ల సంది చెరువు మట్టి పోసి నల్లగ చేసిన మన మడి మట్టి నింపిన, పశువుల ఎరువు కలిపిన. వానలు పడ్డంక కంకులు నలిచి గింజలు పెట్టిన. అక్క, మొలిచినప్పుడు నువ్వు చూడాల్సింది. వరసగ, చిన్న చిన్న ఆకులు, నిగనిగలాడుకుంట. పని కాంగనే వాటి కాడనే కూసుందును. వాటితోని మాట్లాడేటోన్ని అంటె నవ్వుతవు. మోకాలంత ఎత్తుకు వచ్చి గుబురు కట్టినయి. క్రిస్మస్ ముందు పచ్చ కంకులు తీసినయి. గప్పుడే అవ్వకు ఫోన్ చేసి చెప్పిన, "ఈస్టరుకు బాపుకు దండ మన పూలదే" అని. అవ్వ "నీళ్లు ఎక్కువ పొయ్యకు బిడ్డా" అన్నది. 

క్రిస్మస్ పోయినంక ఆకులు పసుపు రంగు పడ్డయి. పొద్దున నిలబడతయి, పగటికి వాలిపోతయి. మల్ల సాయంత్రం కొంచెం తేరుకుంటయి. నీళ్లు చాలలేదేమో అని పోసిన. బలం లేదేమో అని పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి పులియబెట్టి పోసిన. నేను చదివిన ప్రతి కాయితంల అదే మందు. బాలమణక్క ముక్కు మూసుకొని "వాటికి జరమొచ్చింది, నువ్వేమో విందు పెడుతున్నవ్" అన్నది. మొదట అంచు చెట్టు ఎండింది. తర్వాత దాని పక్కది. ఎవరో వరసగ పేర్లు పిలుస్తున్నట్టు ఒక్కొక్కటే పోయినయి.

నాకు అనుమానం ఎవరి మీద వస్తదో నీకు తెలుసు. కార్పెట్టు గడ్డికి మేనేజరు కలుపు మందు కొట్టించిండు. అదే ఇటు వచ్చిందని నేను పొయ్యి అందరి ముందట వాన్ని పట్టుకొని అడిగిన. నేలను విషం చేసే హక్కు నీకెవడిచ్చిండు, మీ అసొంటోళ్ల వల్లనే పల్లెలు ఎడారి అయితున్నయి అని ఇంకా ఏమేమో అన్న. వాడు ఫోన్ పక్కకు పెట్టి, "మందు గోడ దుంకి నీ చెట్లనే ఎతుక్కుంట వచ్చిందారా? గడ్డి సుత చావలేదు కదరా" అన్నడు. డ్రైవర్లు నవ్విన్రు. నేను రూంకు వచ్చి, కోపంతోని, సగం ఎండిన చెట్టును పట్టుకొని పీకిన.

వేర్లకు గడ్డలు, అక్క. పూసలు గుచ్చినట్టు, వేరు పొడుగూత ముడులు ముడులు.

చూడంగనే తెలిసింది. నీకు యాదికుంటది. మన టమాట చెట్లు కాపు మీద ఎండిపోయిన ఏడు బాపు ఒక చెట్టు పీకి మనకు చూపెట్టిండు. వేర్లకు గివే ముడులు. కంటికి కనబడని పురుగు నేలల ఉంటది, టమాట, వంకాయ పెట్టిన కాడనే పెడుతుంటె అది పెరుగుతది అన్నడు. ఆ ఏడు మడి నిండ బంతి పెట్టిండు. దసరకు బంతిపూలు ట్రాలీల నింపి పంపినం, నువ్వు పూల మీద పండుకుంటె బాపు తిట్టిండు. తర్వాత కూడ బాపు నడుమ నడుమ బంతి పెట్టి నేలను నయం చేసుకుంట వచ్చిండు. మంచాన పడ్డంక ఎవరు పెట్టిన్రు బంతి? నేను సభలకు, మీటింగులకు తిరుగుతుంటి. అవ్వ ఒక్కతే చేతనైనంత టమాట పెట్టింది. ఆ రోగం మట్టిల అట్లనే ఉన్నది. సమాధి గుట్ట కింది దిక్కు ఉన్నది, అక్కడ ఎన్నడు టమాట పెట్టలె, అందుకే అక్కడి కనకాంబరానికి ఏం కాలేదు. నేను మాత్రం ఏరి కోరి, ఆ మడి మట్టినే సంచులకెత్తి, ఇంత దూరం మోసుకొచ్చి, బాపు చెట్లను దాంట్ల పెట్టిన.

ఎవరి మీద అరవాలె? కంపెనీ లేదు, మేనేజరు లేడు, పరాయి దేశపు మందు లేదు. మన మట్టే. మొదటిసారి నా కోపానికి మనిషి దొరకలె. ఆ మట్టి చేతుల పట్టుకొని చూసిన, ఏ తేడా కనబడది. వాసన కూడ మన చెల్క వాసనే. గదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

ఇప్పుడు ఈ డబ్బలది ఎట్ల బతికిందో చెప్త. నేను కంకులు నలిచిన రోజు పొట్టు అరుగు మీద ఉంటె బాలమణక్క ఊడ్చి మోటరు రూం పక్కన నీళ్ల నల్ల కింద పారేసిందట. అండ్ల ఒక కాయో రెండు కాయలో పగలకుండ ఉన్నట్టున్నయి. తడి తగిలితె కనకాంబరం కాయ టప్పుమని పగిలి గింజను ఎగరేస్తది కద, చిన్నప్పుడు నోట్ల తడి చేసుకొని ఆడుకుంటుంటిమి. అట్ల ఎగిరి గోడ మూలకు పడి, మిగిలిన ఇసుక, లారీల వచ్చిన ఎర్రమట్టి కలిసిన కాడ మొలిచింది. నేను ఒకసారి చూసి కలుపు అనుకొని పీకబోయిన. ఆకు చూసి ఆగిన. రూం వెనకవి అన్నీ పోయినంక చూస్తె ఇది ఒక్కటి నిలబడి ఉన్నది. బక్కగ ఉన్నది, రెండే కొమ్మలు, కని ఆకు పచ్చగ ఉన్నది. నేను తోడి పారేసిన మట్టి అసొంటి మట్టిలనే.

"సూసినవా, నా చెత్త కుప్పల బతికింది నీ బాపు చెట్టు" అన్నది బాలమణక్క. నేను వంగి ఆకు తడిమిన. ఆమె మల్ల తనే, "యాడ బతికితె ఏంది తమ్మీ, బతికింది సాలు" అని పోయింది. ఆమె మాట సరే అనిపియ్యలేదు నాకు. ఇప్పటికి కూడ అనిపిస్తలేదు. మన నేలల చచ్చి, అమ్ముడువోయిన పరాయి నేలల బతకుడు నాకు మింగుడు పడ్తలేదు. కని చెట్టుకు నా మింగుడుతోని పని లేదు.

దాన్ని అక్కడనే ఉంచుదామనుకున్న. కని ఇక్కడ పెండ్లి ఫంక్షన్ ఉన్నదని, కార్లు పెట్టనీకె మోటరు రూం దిక్కంత టైల్స్ పరుస్తున్నరు. మేనేజరు వచ్చి మూల సాఫ్ చేయుమన్నడు. ఒక్క మూలకు రెండు టైల్స్ వేయకుంటె ఏమైతది అన్న. "నీ చెట్టు సుట్టు మేం పెండ్లి చేసుకోవాల్నారా? చెట్టు ఉండాల్నా, నీ పని ఉండాల్నా చెప్పు" అన్నడు. నేను పార కింద కొట్టిన. బాలమణక్క వచ్చి నా చెయ్యి పట్టి గుంజకపోయింది. "ఆడు నిన్ను తీసేస్తడు, మల్ల చెట్టును సుత తీసేస్తడు. ముందుగాల చెట్టును దాటించు" అన్నది.

అందుకే చుట్టు మట్టి కదలకుండ పెద్ద గడ్డగ తీసి డబ్బల పెట్టిన. డబ్బ కింద మేకుతోని తూట్లు కొట్టిన. తీసినంక రెండు రోజులు తల వాల్చింది, నేను అన్నం తినలె. ఇయ్యాల పొద్దున ఆకు నిలబెట్టింది. నువ్వు అన్నట్టే అయింది అక్క, బాపు చెట్టు తొట్టిలనే, సిమెంటు మెట్ల మీదనే. ఆ రోజు నువ్వు అడిగిన మాటనే ఇప్పుడు నేను అడుగుతున్న. నేల యాడున్నది మనకు?

జాగ్రత్తలు చెప్త, కోపం చేయకుండ విను. పొద్దటి ఎండ తగలాలె, పగటెండ వద్దు. మట్టిల వేలు పెట్టి చూసి, ఆరితేనే నీళ్లు. బావ టమాట మొక్క అదే డబ్బల పెడ్తనంటె చేతులు ఇరగ్గొట్టు. ఊరి మట్టి ఒక పిడికెడు కూడ కలపకు. ఈ మాట ఒకసారి కొట్టేసి మల్ల రాస్తున్న, కలపకు.

ఇంకొకటి. దానికి ఒక కంకి ఉన్నది, చూసినవా? ఒక్కటే. ఈస్టరు నాటికి పూస్తది. నాకు ఆ ఆదివారం సెలవు దొరకలె, ఫాంహౌజ్ బుక్ అయింది. ఇప్పటికే మేనేజరుతోని పడ్తలేదు. ఇక్కడ తీసేస్తె చందనవెల్లి దిక్కు కంపెనీల గేటు కాడ కాపలాకు నిలబడుతనేమో, ఎన్నడు నిలబడనన్నోన్ని. ప్రతి ఈస్టరుకు పోయినట్టె, పొద్దు పొడవక ముందు సమాధి కాడికి మీరే పోవాలె. చెల్క కొన్నోళ్ల గేటు తీస్తనని వాచ్‌మెన్ బావకు చెప్పిండన్నవు కద. సున్నం ముందు రోజే వేయించు, బాపు పేరు మీద నల్ల రంగు నిండుగ రాయించు.

ప్రతి ఏడు బాపుకు కనకాంబరం, మరువం కలిపి అవ్వ తన చేతితోని దండ అల్లేది. ఈ ఏడు పూలు తెంపితె బాపు చెట్టు పూలు బాపు మీద ఉంటయి, దండకు సరిపోవు గని పిడికెడు ఉంటయి. కని తెంపితె గింజ కట్టది. ఎండకాలం కొమ్మ నాటితె అంటుకోది, ఉన్న రెండు కొమ్మలల్ల ఒకటి కోస్తె చెట్టే పోతది. ఇంత బక్క చెట్టు వచ్చే వానల దాక ఉంటదన్న ధైర్యం నాకు లేదు. తెంపకుండ కంకిని ఎండనిస్తె గింజ వస్తది, గింజ ఉంటె బాపు చెట్టు మల్ల మొలుస్తది. నన్నడిగితె తెంపొద్దు. సమాధికి బజార్ల పూలు కొనుండ్రి. ఈ మాట మీద ఫోన్ల అయితె నేను నీతోని గంటసేపు కొట్లాడుదును, చెట్టు గురించి, వంశం గురించి, రేపటి గురించి ఎన్నో చెప్పుదును.

కని అక్క, ఇన్ని చదివినోడు చెప్పినట్టు చేస్తె ఏమైందో చూసినం కద. చెట్టు అవ్వది. కంకులు కొంగుల కట్టుకొచ్చింది అవ్వ. ఆమెకు రెండు మాటలు చెప్పు, తెంపితె ఇది, తెంపకుంటె ఇది అని. అంతకంటె ఒక్క మాట ఎక్కువ చెప్పకు, నా పేరు చెప్పి ఆపకు. ఆ పొద్దు ఆమె కంకి మీద చెయ్యి పెడితె పెట్టనీ. ఆమెకు ఎన్ని ఈస్టర్లు ఉన్నయో, చెట్టుకు ఎన్ని ఉన్నయో నాకు తెల్వది. ఏం చేసిందని నేను ఫోన్ చేసి అడగ.

బావకు వందనాలు చెప్పు, ఆటోల మాట్లాడనందుకు మనసుల పెట్టుకోవద్దని చెప్పు. చిన్నికి పరీక్షలు మంచిగ రాయుమను. సంఘంల పెద్దలందరికి నా వందనాలు. యాదన్నకు చాయ పోసి పంపు, డబ్బ ఒళ్లె పట్టుకొని తెస్తనన్నడు. నా కోసం ప్రార్థన చేయుమని అవ్వకు చెప్పు. ఆమె కాళ్లకు దండం పెట్టి, దీవెన అడుగుతున్న.

నీ మాట వినని తమ్ముడు,
దానియేలు